మర్నాటి ఉదయం: అద్దంతో తీస్తున్న ఒక చిన్న సినిమా డైరీ

మొదటి రోజు

నాలుగు నిమిషాల సినిమా, అంతా ఒకే షాట్. ఒక కూడలి, ఒక గోడ, ఒక మనిషి. ముందురోజు రాత్రి అక్కడ తిరుగుబాటు ఓడిపోయింది. తెల్లవారింది. గోడ మీద మిగిలిన నినాదానికి ఆ మనిషి సున్నం వేస్తున్నాడు. కథ ఇంతే.

ఎందుకు తీయాలనుకున్నానో ముందే రాసి పెట్టుకోవడం మంచిది. పనిలో పడ్డాక కొలతలు తప్ప ఇంకేమీ గుర్తుండవు. నిరంకుశ రాజ్యాల మీద వచ్చిన సినిమాలు చాలా ఏళ్లుగా చూస్తున్నాను. వాటిలో నిఘా ఉంటుంది, భయం ఉంటుంది, కడుపు మండిన ఒక మనిషి ఉంటాడు, చివరికి జనం లేస్తారు. గెలిచినా ఓడినా అక్కడితో తెర పడిపోతుంది. నాకు ఆ మర్నాడు కావాలి. ట్యాంకులు పక్కకు తప్పుకున్నాక ఆఫీసులు తెరుస్తారు కదా! హాజరు పట్టీలో నిన్న రానివాళ్ల పేర్లకు ఎదురుగా ఏమి రాయాలని ఒక గుమాస్తా పై అధికారిని అడుగుతాడు కదా! ఓడిన విప్లవాన్ని కాల్పులు సగమే చంపుతాయి, మిగతా సగాన్ని మామూలు పనిదినం చంపుతుందని నా నమ్మకం. ఆ రెండో సగాన్ని తెర మీద చూడాలి.

మూడో రోజు

నా దగ్గర కూడలి లేదు. కట్టించే స్తోమతా లేదు. అందుకని 1927 నాటి దారి పట్టాను.

జర్మనీలో దర్శకుడు ఫ్రిట్జ్ లాంగ్ ‘మెట్రోపోలిస్’ తీసినప్పుడు ఛాయాగ్రాహకుడు యూజెన్ షుఫ్టన్ ఒక పద్ధతి వాడాడు. కెమెరా ముందు అద్దాన్ని 45 డిగ్రీల కోణంలో నిలబెడతారు. పక్కనున్న చిన్న నమూనా భవనాలు అందులో ప్రతిబింబిస్తాయి. మనుషులు కనిపించవలసిన చోట మాత్రం అద్దం వెనుక పూతను గీకేస్తారు. అక్కడ అద్దం మామూలు గాజు అయిపోతుంది. దాని గుండా దూరంగా నిలబడ్డ నటులు కనిపిస్తారు. నమూనా, మనిషి ఒకే ఫ్రేములో, ఒకే క్షణంలో నమోదవుతారు. తరువాత అతికించే పని ఉండదు.

పద్ధతి తీసుకున్నాను గానీ ఆ సినిమా ముగింపుతో నాకు ఎప్పటినుంచో పేచీ ఉంది. కార్మికులు యంత్రాన్ని బద్దలు కొడతారు, నీళ్లు వాళ్ల ఇళ్లనే ముంచుతాయి, ఆఖరున యజమాని చేతినీ ఫోర్మన్ చేతినీ కలిపి హృదయమే మధ్యవర్తి అంటారు. లాంగ్ కూడా తరువాతి రోజుల్లో ఆ ముగింపు మీద అసంతృప్తి చెప్పుకున్నాడు. కరచాలనం అయ్యాక మర్నాడు భూగర్భంలోకి పనికి దిగింది ఎవరు? మునిగిన ఇళ్లలో బురద ఎత్తింది ఎవరు? ఆ ప్రశ్న సినిమా అడగదు.

లెక్క: నమూనా ఇరవయ్యో వంతు. రెండు మీటర్ల పది సెంటీమీటర్ల తలుపు నా బల్ల మీద పదిన్నర సెంటీమీటర్లు. కెమెరా నుంచి అద్దానికి, అద్దం నుంచి నమూనాకు కలిపి అర మీటరు దూరం. దాన్ని ఇరవైతో గుణిస్తే పది మీటర్లు. నటుడు కెమెరాకు పది మీటర్ల దూరంలో నిలబడితేనే తలుపుకూ మనిషికీ పొంతన కుదురుతుంది. అందుకోసం ఖాళీగా ఉన్న ఒక పొడవాటి హాలు దొరికింది.

ఆరో రోజు

అద్దం గీకాను. అద్దం వెనుక పూతను మనం ఇప్పటికీ రసం అనే అంటాం. దాని మీద గట్టి రంగు పొర ఒకటి ఉంటుంది. రంగు ఊడదీసే ద్రావకం పూసి, పొర ఉబ్బాక బ్లేడును దాదాపు పడుకోబెట్టి నెట్టాలి. నిటారుగా పెడితే గాజు మీద గీత పడుతుంది. చేతికి తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి.

అంచు దగ్గర వచ్చింది చిక్కు. గీకిన గీత సూటిగా రాకుండా పెచ్చులు పెచ్చులుగా లేచింది. కెమెరాలో చూస్తే గోడ మధ్య కొరికినట్టు ఉంది. రెండో అద్దానికి ముందుగా బ్లేడుతో గీత కోసి, ఆ గీతకు ఇవతలి వైపు మాత్రమే ద్రావకం రాశాను. గీత నిలిచింది. అది సరిగ్గా గోడ మీద పూత పగిలిన నెర్రె ఉన్నచోటికి వచ్చేలా నమూనాను జరిపాను. అతుకు ఉన్నచోట ప్రేక్షకుడి కంటికి ఒక సహజమైన కారణం దొరకాలి.

అద్దం పలచగా ఉండాలని కూడా ఈ రోజే తెలిసింది. మందపు అద్దంలో గాజు ముందు తలం నుంచి ఇంకో మసక ప్రతిబింబం వచ్చి, ప్రతి కిటికీకి ఒక నీడ కిటికీ పుట్టింది.

తొమ్మిదో రోజు

కూడలి మధ్యలో పీఠం కట్టాను. పీఠం మీద విగ్రహం లేదు, బూట్లు మాత్రమే ఉన్నాయి.

ఇది నా ఊహ కాదు. 1956 అక్టోబర్ 23న హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లో తిరగబడ్డ జనం ఎనిమిది మీటర్ల స్టాలిన్ కంచు విగ్రహాన్ని కూల్చారు. మోకాళ్ల కింద కోసి లాగితే బూట్లు పీఠం మీదే ఉండిపోయాయి. నవంబర్ 4 తెల్లవారుజామున సోవియట్ సేనలు నగరం మీద విరుచుకుపడ్డాయి. తిరుగుబాటు పక్షాన నిలిచిన ప్రధాని ఇమ్రె నాజ్‌ను 1958 జూన్ 16న ఉరితీసి, గుర్తులేని సమాధిలో బోర్లా పూడ్చారు. సరిగ్గా 31 ఏళ్ల తరువాత, 1989 జూన్ 16న, ఆయనకు బహిరంగంగా అంత్యక్రియలు జరిగాయి. శవం ముఖం కూడా ఆకాశం వైపు ఉండకూడదనుకున్న కక్ష అది. నా నాలుగు నిమిషాల్లో దీన్ని ఇమడ్చలేను. బూట్లను ఇమడ్చగలను.

ఒక్కో బూటు ఆరు సెంటీమీటర్లు. తీగ చుట్టి దాని మీద మట్టి పెట్టాను. పైభాగం కోసినట్టు కాకుండా చించినట్టు రావడానికి, మట్టి సగం ఆరాక చేత్తో విరిచాను. ఆ చిరుగు అంచు బాగా కుదిరింది. ఈ మొత్తం నమూనాలో నాకు ఎక్కువ తృప్తినిచ్చింది అదే.

పదకొండో రోజు

గుంపు ఫొటోలు నమూనా గోడలకు అంటిద్దామనుకుని మానుకున్నాను. 1871లో పారిస్ కమ్యూన్, అంటే తిరగబడ్డ నగర ప్రజల ప్రభుత్వం, 72 రోజులు నడిచింది. ఆ రోజుల్లో జనం బారికేడ్ల మీద, కూలిన నెపోలియన్ విజయస్తంభం, వాండోమ్ స్తంభం, పక్కన నిలబడి గర్వంగా ఫొటోలు దిగారు. కమ్యూన్ ఓడిపోయాక ఆ ఫొటోలనే పోలీసులు మనుషుల్ని గుర్తుపట్టడానికి వాడుకున్నారు. సంతోషంతో దిగిన బొమ్మ సాక్ష్యమైపోయింది. కెమెరా పట్టుకునే ఎవరికైనా ఇది తెలియాలి.

చిలీ విషయం ఇంకా దగ్గరగా తాకుతుంది. పాత్రిసియో గుజ్మాన్ బృందం ‘చిలీ పోరాటం’ చిత్రాన్ని అధ్యక్షుడు అయెందే ప్రభుత్వపు చివరి నెలల్లో వీధుల్లో తీసింది. 1973 సెప్టెంబర్ 11న సైన్యం ఆ ప్రభుత్వాన్ని కూల్చాక ఆ ఫిల్ము స్వీడన్ దౌత్య కార్యాలయం సాయంతో దేశం దాటింది. కెమెరా పట్టిన హోర్హె ముల్లర్ సిల్వాను 1974 నవంబరులో పట్టుకుపోయారు. మళ్లీ ఎవరూ ఆయనను చూడలేదు. ఫిల్ము బతికింది, తీసినవాడు లేడు.

అందుకే నా సినిమాలో ముఖం కనిపించదు. ఒక వీపు, ఒక కుంచె, అంతే.

పన్నెండో రోజు

పెద్ద పొరపాటు. అద్దంలో అన్నీ తిరగబడతాయని తెలిసి కూడా నినాదాన్ని నమూనా గోడ మీద మామూలుగానే రాశాను. కెమెరాలో అక్షరం ఎదురు తిరిగి నిలబడింది. కూడలిలోని గడియారమూ అంతే. గోడ పూత మొత్తం తీసి మళ్లీ వేసి, తిరగేసి రాసే పని కాబట్టి పక్కన ఒక చేతి అద్దం పెట్టుకుని, అందులో చూస్తూ అక్షరం గీశాను. దీపానిదీ అదే సంగతి. నటుడి మీద వెలుగు ఎడమ నుంచి పడుతుంటే నమూనా మీద కుడి నుంచి పడాలి. చివరికి రెంటికీ తెల్లటి గుడ్డ అడ్డం పెట్టి, మబ్బు పట్టిన ఉదయంలా నీడలు లేకుండా చేసేశాను. ఎండ వద్దు. ఓడిన మర్నాడు ఎండ కాస్తే అందంగా ఉంటుందేమో గానీ, నాకు ఆ అందం అక్కర్లేదు.

పద్నాలుగో రోజు

ఈ రోజంతా ఒక కాగితం మీద గడిచింది. సున్నం వేసే మనిషి జేబులో పని ఉత్తర్వు ఒకటి ఉండాలి. గోడ పొడవు, సున్నం ఎంత, కుంచెలు ఎన్ని, పని పూర్తయినట్టు సంతకం. కెమెరాకు అది పది మీటర్ల అవతల ఉంటుంది, ఒక్క అక్షరమూ కనపడదు. అయినా నిజంగానే టైపు చేసి ముద్ర కొట్టాను. జేబులో ఉత్తుత్తి కాగితం ఉంటే చెయ్యి ఆ జేబు వైపు ఉత్తుత్తిగానే వెళుతుంది.

ఈ కాగితం ఆలోచనకు మూలం ఒక చిత్రకారుడి అప్పు. కమ్యూన్ రోజుల్లో, 1871 మే 16న, వాండోమ్ స్తంభాన్ని పడగొట్టారు. ఆ నేరం గుస్తావ్ కూర్బే నెత్తిన పడింది. ముందు జైలు శిక్ష వేశారు, తరువాత స్తంభాన్ని తిరిగి నిలబెట్టే ఖర్చు ఆయనే కట్టాలన్నారు. 3,23,091 ఫ్రాంకులు, ఏడాదికి పదివేల చొప్పున. ఆయన స్విట్జర్లాండ్‌లో ప్రవాసంలో ఉంటూ 1877 డిసెంబర్ 31న, మొదటి వాయిదా కట్టవలసిన సమయానికి, కన్నుమూశారు. కూల్చినవాడి చేతనే కట్టించాలి, కట్టించి లెక్క రాయించాలి. గెలిచిన రాజ్యానికి పగ తీరేది అలా.

టెరీ గిలియమ్ 1985లో తీసిన ‘బ్రెజిల్’ నాకు ఇందుకే ఇష్టం. టైపు యంత్రంలో ఒక పురుగు పడి టటిల్ అనే పేరు బటిల్ అవుతుంది. ఏ పాపమూ ఎరుగని మనిషిని ఇంట్లోంచి ఎత్తుకుపోతారు. పోతూ పోతూ ఆయన భార్య చేత రసీదు మీద సంతకం చేయించుకుంటారు. అరెస్టయినవాళ్లను ప్రశ్నించడానికయ్యే ఖర్చును వాళ్ల దగ్గరే వసూలు చేస్తారు. బాంబులు పేలే దృశ్యాలు నేను మరిచిపోయాను. రసీదు మీద కలం ఆనించిన ఆ చెయ్యి ఇప్పటికీ కళ్లముందు ఉంది.

పదిహేడో రోజు

నటుడు కుదిరారు. రంగస్థలం మీద నలభై ఏళ్లు గడిపిన పెద్దాయన. మేమందరం మాస్టారు అని పిలుస్తాం. సెట్టు చూశారు, అద్దంలోకి వంగి చూశారు, బూట్లు చూశారు. తరువాత గోడ దగ్గర ఆగారు.

నేను రాసిన నినాదం ‘మేము’ అన్న ఒక్క మాట. మిగతాదంతా ఇప్పటికే చెరిపేశారని, చివరి మాట మిగిలిందని నా ఊహ.

“బాబూ, ఈ గోడ తుడిచేవాడు నిన్న రాత్రి ఈ కూడలిలో ఉన్నాడా, లేడా?” అన్నారు.

“ఉన్నాడో లేడో చూసేవాళ్లకు వదిలేద్దామనుకున్నాను మాస్టారూ.”

“వాళ్లకు వదిలెయ్. నాకు మాత్రం చెప్పాలి. ఉన్నవాడు కుంచె పట్టుకునే తీరు వేరు, లేనివాడిది వేరు.”

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆయన మళ్లీ గోడ వైపు చూసి, “మేము అన్నావు. మేము అంటే ఇతను బయటివాడు. వాళ్లెవరో రాశారు, ఇతను తుడుస్తున్నాడు, కూలి పని. మనం అని రాసి చూడు. చదివినవాడు ఎవడైనా అందులో పడతాడు. అప్పుడు ఇతను తుడిచేది తన్నే” అన్నారు.

ఆ రాత్రి గోడ మళ్లీ గీకాను. నా భాషలో ఇంత దగ్గరగా ఉన్న తేడాను నేను పట్టించుకోలేదని బాధ కలిగింది. ‘మ’ నమూనా గోడ మీద, నాలుగున్నర సెంటీమీటర్లు, ఎదురు తిప్పి. ‘నం’ పది మీటర్ల అవతల నిజమైన గోడ మీద, తొంభై సెంటీమీటర్లు, మామూలుగా. మధ్యలో అద్దం మీది గీత, గోడ నెర్రె.

మాస్టారి ప్రశ్నకు జవాబు కూడా దొరికింది. అతను నిన్న ఉన్నాడు. 1968 ఆగస్టులో ప్రాగ్ జనం, చెకోస్లొవేకియాను ఆక్రమించడానికి వచ్చిన సోవియట్ సేనలకు దారి తెలియకూడదని వీధుల పేరు పలకలు పీకేశారు, రంగు పూసేశారు. ఏడాదిన్నర తరువాత అదే నగరంలో మనుషుల్ని ఒక్కొక్కరిగా పిలిచి, ఆ సేనల రాకను ఒప్పుకుంటున్నట్టు చెప్పమన్నారు. చెప్పనివాళ్ల ఉద్యోగాలు పోయాయి. చదువుకున్నవాళ్లు బాయిలర్లలో బొగ్గు వేశారు, కిటికీలు తుడిచారు. దానికి పాలకులు పెట్టిన పేరు సాధారణీకరణ, అంటే అంతా మామూలు చేసెయ్యడం. అంతకంటే భయంకరమైన మాట ఏ కల్పిత నియంతా పుట్టించలేదు. ఆ రాజ్యానికి సమాధి కూడా బరువే అయింది. సేనల రాకకు నిరసనగా నిప్పంటించుకుని 1969 జనవరిలో చనిపోయిన యాన్ పాలఖ్ శవాన్ని 1973లో తవ్వి తీసి దహనం చేశారు.

కరెల్ కాఖిన్యా తీసిన ‘చెవి’ ఆ రోజుల నుంచి వచ్చిందే. ఒక ఉప మంత్రి, ఆయన భార్య విందు నుంచి ఇంటికి వస్తారు. తాళంచెవులు కనపడవు, కరెంటు లేదు, ఇంట్లో మాటలు దొంగచాటుగా వినే యంత్రాలు పెట్టి ఉన్నాయి. తెల్లవార్లూ అరెస్టు కోసం ఎదురుచూస్తారు. తెల్లారాక వచ్చేది పదోన్నతి. నాకు ఒళ్లు జలదరించింది. 1970లో పూర్తయిన ఆ సినిమాను అక్కడి ప్రేక్షకులు రెండు దశాబ్దాల పాటు చూడలేకపోయారు.

ఇరవయ్యో రోజు

మొదటి పరీక్ష షాట్. మాస్టారి వీపు మీద ఒక భవనం తేలింది, దెయ్యపు నీడలా. కారణం తేలికే. గీకినచోట కూడా గాజు కొంచెం ప్రతిబింబిస్తుంది. ఆ భాగానికి ఎదురుగా ఉన్న నమూనా మీద నల్ల మఖమలు గుడ్డ కప్పితే నీడ పోయింది.

మంచి కెమెరాతో అర మీటరు, పది మీటర్లు రెండూ స్పష్టంగా రావడం లేదు. చిన్న సెన్సారున్న పాత వీడియో కెమెరా తీసి, లెన్సు రంధ్రం బాగా తగ్గించి, దీపాలు రెట్టింపు చేశాను. రెండూ సూదిలా వచ్చాయి.

ఇరవై రెండో రోజు

సున్నం. నిజమైన గోడకు సిమెంటు పలకలు వాడాను, అవి సున్నాన్ని పీల్చుకుంటాయి. అయితే తడి సున్నం నీళ్లలా పారదర్శకంగా ఉంటుంది. వేసి ఎన్నిసార్లు కుంచె తిప్పినా కింద ‘నం’ నల్లగా కనపడుతూనే ఉంది. ఆరితేనే తెలుపు పైకి వస్తుంది. చిక్కటి ఎమల్షన్ వాడితే ఒక్క దెబ్బకు అక్షరం మాయమవుతుంది. ఒక పూట అటూ ఇటూ ఊగి సున్నమే ఉంచాను. పని చేసినా పని కానట్టు కనపడే ఆ నాలుగు నిమిషాలు మాస్టారి చేతికి అవసరం.

ఇరవై ఐదో రోజు

షూటింగ్. ఆరు టేకులు. ప్రతి టేకుకూ పలకలు కడిగి, ఆరబెట్టి, అక్షరాలు మళ్లీ రాయాలి కాబట్టి పొద్దున మొదలుపెడితే రాత్రయింది.

మొదటి మూడింటిలో మాస్టారు మరీ నెమ్మదిగా, బరువుగా వేశారు. బాగా లేదని ఆయనే అన్నారు. నాలుగోది చాలా మామూలుగా వచ్చింది, అయితే నా చెయ్యి తగిలి బల్ల అదిరింది, కూడలి మొత్తం వణికింది. ఐదోది దీపం ఆరిపోయి పోయింది.

ఆరో టేకు. మాస్టారు బకెట్టు దించి, చొక్కా చేతులు మడిచి, జేబులో కాగితం ఒకసారి తడుముకుని మొదలుపెట్టారు. కుడి నుంచి ఎడమకు. ముందు సున్న, తరువాత ‘న’. ఏదో లెక్క ప్రకారం పై నుంచి కిందికి, పక్కకు జరిగి మళ్లీ పై నుంచి కిందికి. నెర్రె దాకా వచ్చాక కుంచె ఆగింది. అక్కడితో నిజమైన గోడ అయిపోతుంది. అవతల ఉన్న ‘మ’ అద్దంలోది, ఆయన చేతికి అందదు. ఆయన తల మాత్రం అటు తిప్పి, లేని గోడ మీది అక్షరం వైపు, ఎక్కడ ఉంటుందో నేను చెప్పిన చోటికి సరిగ్గా చూశారు. బకెట్టు తీసుకుని ఫ్రేము దాటి వెళ్లిపోయారు.

నేను కెమెరా ఆపలేదు. ఆయనకు నీళ్లు ఇవ్వడానికి లేచి, మాటల్లో పడి, మరచిపోయాను. తిరిగి వచ్చి చూస్తే ఇంకా నడుస్తోంది.

ఇరవై ఆరో రోజు

ఆ టేకు మొత్తం చూశాను. మాస్టారు వెళ్లాక ఇరవై మూడు నిమిషాలు ఉంది. కూడలి, బూట్లు, గడియారం, గోడ. ఎవరూ లేరు. తడి సున్నం కింద ‘నం’ మొదట నల్లగా ఉంది. ఎనిమిదో నిమిషంలో సున్న అంచు బూడిద రంగుకు తిరిగింది. పదమూడో నిమిషానికి ‘న’ తలకట్టు పోయింది. పలకకు పైభాగం ముందు ఆరుతోంది, కింద చెమ్మ ఇంకా పట్టి ఉంది, కాబట్టి అక్షరం పై నుంచి కిందికి, ఎవరూ ముట్టుకోకుండా, తనంతట తానే తెల్లబడింది. చివరికి తెల్లటి గోడ, నెర్రె, దానికి అవతల నల్లగా ఒక ‘మ’.

మాస్టారికి ఫోను చేసి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. “వేగం పెంచి చూపించకు బాబూ” అన్నారు.

పెంచను. నాలుగు నిమిషాల సినిమా ఇరవై ఏడు నిమిషాలైంది. ఇంత పొడుగు ఎవరు కూర్చుని చూస్తారని ఇద్దరు మిత్రులు అడిగారు. పీటర్ వాట్కిన్స్ పారిస్ కమ్యూన్ మీద దాదాపు ఆరు గంటల సినిమా తీశాడు, ఒక పాడుబడ్డ ఫ్యాక్టరీలో, ఎక్కువ మంది నటనతో పరిచయం లేని జనంతో. చూసేవాళ్లు చూశారు. నేను మొదటి నుంచీ అడుగుతున్న మర్నాడు నా కెమెరాలో తనకు తానుగా జరిగింది. దాన్ని కోసెయ్యడానికి చేతులు రావడం లేదు.

ఇరవై ఎనిమిదో రోజు

మిగిలిన పని: శబ్దం. కుంచె చప్పుడు హాల్లో గింగురుమంటోంది, ఆరుబయట మళ్లీ రికార్డు చేయాలి. మాస్టారు వెళ్లాక ఇరవై మూడు నిమిషాలకు సంగీతం వద్దని తేల్చుకున్నాను. పూర్తి నిశ్శబ్దమూ వద్దు. దూరంగా ఒక ఆఫీసు తెరుస్తున్న చప్పుడు కావాలి: ఇనుప షట్టరు లేవడం, కుర్చీలు జరగడం, టైపు యంత్రం ఒకటి, కొద్దిసేపటికి ఇంకొకటి. షట్టరు దొరికింది. టైపు యంత్రం బాగు చేయడానికి ఇచ్చాను, రిబ్బను రావాలి.